మోయుటయా, తోడు నడచుటయా?

ఒకడు బలహీనుడై కూలిపోవుచున్నప్పుడు అతనిని ఎత్తి మోయుట ప్రేమయా? లేక అతడు తన కాళ్లమీద తాను లేచువరకు ప్రక్కన నిలిచియుండుట ప్రేమయా? ఇది పండితుల వాదములలో మాత్రమే పుట్టు ప్రశ్న కాదు. రోగి మంచము ప్రక్కను, పిల్లల పాఠపుస్తకముల ముందును, అప్పులలో మునిగిన తమ్ముని గుమ్మము నొద్దను మనలో ప్రతివాడును దీని నెదుర్కొనుచున్నాడు. నా ఇంట చాలాకాలము నన్ను బాధించిన ఈ ప్రశ్న, అమెరికా దేశమందలి ఒక పరుగు పందెపు వృత్తాంతమును చదివినప్పుడు నాకు తేటగా కనబడెను. ముందుగా ఆ పరుగును గూర్చి పాఠకులకు వివరించి, పిమ్మట నా మనస్సులోని మాట చెప్పెదను.

మారథాను అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగని మన మెరుగుదుము. అంతకు మించిన దూరమును కొండదారులను, అడవి బాటలను పట్టి పరుగెత్తు పందెములు నేడు అనేక దేశములలో జరుగుచున్నవి. వాటిని అల్ట్రామారథానులని పిలుచుచున్నారు. వాటిలో పేరెన్నిక గన్నది కాలిఫోర్నియా రాష్ట్రమున జరుగు వెస్టర్న్ స్టేట్స్ పరుగు. దాని పొడవు 100 మైళ్లు, అనగా సుమారు 161 కిలోమీటర్లు. సియెర్రా నెవాడా పర్వతములలోని ఒలింపిక్ వ్యాలీ యను చోట, జూన్ మాసాంతమున ఒక శనివారము ఉదయము 5 గంటలకు బయలుదేరి, ఆబర్న్ పట్టణమందలి ఒక ఉన్నత పాఠశాల క్రీడాస్థలములో అది ముగియును. పైన కొన్ని యేండ్లు మంచు కప్పియుండును. క్రింది లోయలలో ఎండ నిప్పులు చెరుగును. దారి పొడవున ఎక్కవలసిన ఎత్తులన్నియు కూడిన సుమారు 18,000 అడుగులు, దిగవలసినవి కూడిన సుమారు 23,000 అడుగులు అగును. 30 గంటలలోపల గీత దాటినవారే పరుగు ముగించినవారుగా ఎంచబడుదురు. 24 గంటలలోపల వచ్చినవారికి నడుము బెల్టుకు పెట్టుకొను వెండి బకిలు, ఆ తరువాత వచ్చినవారికి కంచు బకిలు ఇచ్చెదరు. దానికొరకు మనుష్యులు ఒక పగలు, ఒక రాత్రి, కొందరు మరునాటి ఉదయము కూడ పరుగెత్తుదురు.

ఈ పరుగు పుట్టిన విధము మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా నున్నది. 1955వ సంవత్సరము మొదలుకొని ఆ కొండదారిలో టెవిస్ కప్ అను గుఱ్ఱపు స్వారీ పందెము జరుగుచుండెను. ఒక్క దినములో 100 మైళ్లు స్వారి చేయుట అందలి నియమము. గోర్డీ ఆన్స్‌లీ యను నాతడు అందులో స్వారి చేయుచుండెడివాడు. 1973లో అతని గుఱ్ఱము కుంటుపడుటచేత నడుమనే నిలిచిపోవలసి వచ్చెను. మరుసటి యేడు, 1974లో, అతడు గుఱ్ఱము లేకయే గుఱ్ఱములతోకూడ బయలుదేరి, 23 గంటల 42 నిమిషములలో తన కాళ్లతోనే ఆబర్న్ చేరెను. ఆ దారిని పట్టి 1977లో పాదచారుల పరుగు ఆరంభమాయెను. మోయునది లేనప్పుడు మనుష్యుడు ఎంతదూరము పోగలడు అను ప్రశ్నయే ఈ పరుగునకు మూలమని చెప్పవచ్చును.

అయినను ఈ పరుగులో ఎవడును పూర్తిగా ఒంటరివాడు కాడు. దారిలో సుమారు 20 చోట్ల నీళ్లు, మంచుగడ్డలు, ఆహారము పట్టుకొని సేవకులు కనిపెట్టుకొని యుందురు. వారందరు జీతము లేక వచ్చినవారు. 62వ మైలు నొద్ద ఫారెస్ట్‌హిల్ అను ఊరు దాటినప్పటినుండి, పరుగెత్తువాడు ఒక స్నేహితుని తోడు తీసికొనవచ్చును. 78వ మైలు నొద్ద అమెరికన్ నది అడ్డుపడును. అక్కడ ఒక ఒడ్డునుండి మరియొక ఒడ్డునకు మోకు కట్టి, సేవకులు ఆ చల్లని నీటిలో నిలువబడి, పరుగెత్తువారు ఎక్కడ అడుగు వేయవలెనో చెప్పుచుందురు. నీరు ఎక్కువైన యేట పడవపై దాటింతురు.

ఇంత సహాయము అనుమతించిన ఆ పరుగులో ఒక కఠినమైన నియమము కలదు. తోడు పరుగెత్తు స్నేహితుడు మాటలాడవచ్చును, దారి చూపవచ్చును, ధైర్యము చెప్పవచ్చును. కాని పరుగెత్తువాని నీళ్ల సీసానైనను, దీపమునైనను, బట్టనైనను తాను మోయకూడదు. అతని దేహమునకు ఊత ఇయ్యకూడదు. ఇట్లు మరియొకని బరువు మోయుటకు ఆ పరుగులవారు కంచరగాడిద పేరుమీదనే ఒక మాట కల్పించుకొన్నారు. అదే దేశమున కొలరాడో రాష్ట్రములో జరుగు లెడ్‌విల్ 100 మైళ్ల పరుగులో ఈ మోత అనుమతింపబడినదే. పూర్వము అక్కడి గని కార్మికులు గాడిదలతో బరువులు మోయించుచుండిరి గనుక దానిని ఆ జ్ఞాపకముతో ముడిపెట్టుదురు. ఐరోపాలో మోంట్ బ్లాంక్ పర్వతము చుట్టు ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశములమీదుగా 2003 నుండి జరుగుచున్న పరుగులోనైతే తోడు పరుగెత్తువారినే అనుమతింపరు.

కాబట్టి ఎంత సహాయము తగును, ఎంత తగదు అను హద్దు ఆకాశమునుండి వ్రాయబడి రాలేదు. ఆయా చోట్ల మనుష్యులు గీసికొన్నదే. అయినను ఒకసారి గీసి, అందరును సమ్మతించి బయలుదేరిన తరువాత అది నిబంధన యగును. ఒకని యెడల జాలిపడి దానిని చెరిపినయెడల, దానికి లోబడి వెనుక కుంటుచు వచ్చుచున్న మూడువందల మందికి అన్యాయము జరుగును.

ఇక 2006వ సంవత్సరమున జరిగినది వినుడు. ఆ యేడు ఎండ మిక్కుటముగా నుండెను. బ్రయన్ మారిసన్ అను యువకుడు అందరికంటె ముందుగా ఆబర్న్ క్రీడాస్థలములో ప్రవేశించెను. అతనితో తోడు పరుగెత్తుచున్నవారిలో ఒకడు స్కాట్ జ్యూరెక్. 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడు సంవత్సరములు ఆ పరుగును గెలిచినవాడు. దాదాపు 100 మైళ్లు వెనుకబడెను. ఇక మిగిలినది సుమారు 300 గజములు. కన్నులెదుటనే గీత. అక్కడ మారిసన్ కాళ్లు మడతపడి కూలిపోయెను. లేచెను, మరల కూలెను. స్నేహితులు చూచి నిలువలేకపోయిరి. అతనిని లేవనెత్తి, ఇరుప్రక్కల పట్టుకొని, గీత దాటించిరి. ముందుగా గీత దాటినవాడు అతడే. అయినను తన స్వశక్తితో దాటలేదు గనుక నిర్వాహకులు అతనిని అనర్హునిగా ప్రకటించి, అతని తరువాత వచ్చిన గ్రాహం కూపర్‌ను విజేతగా నిర్ణయించిరి.

పాఠకులారా, ఇందులో తప్పు ఎవరిది? ఆ స్నేహితులు మోసగాండ్రు కారు. అందరును చూచుచుండగా మోసము చేయువాడెవడు? కూలిన మిత్రుని చూచినప్పుడు చేయి తనంతట తానే చాచబడును. చాపనివానిని మనము మనుష్యుడనము. నిర్వాహకులు క్రూరులా? వారును కారు. ఆ గీతను ఒకడు మోయబడి దాటినప్పుడు, దాటెనని వ్రాయుట అబద్ధ మగును. ప్రేమ తన పని చేసెను. సత్యము తన పని చేసెను. బాధ యెక్కడనగా, అవి రెండును ఒకే క్షణమున ఒకే మనుష్యునిమీద పని చేయవలసి వచ్చెను.

అపొస్తలుడైన పౌలు ఈ చిక్కును ఎరిగినవాడు. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో, రెండవ వచనమున ఒకరి భారములు ఒకరు మోయవలెనని చెప్పి, మూడు వచనముల తరువాత, ఐదవ వచనమున, ఎవరి బరువు వారే మోసికొనవలెనని చెప్పుచున్నాడు. పైపైన చదువువారికి ఇది విరుద్ధముగా తోచును. కాని గ్రీకు మూలమున ఈ రెండు చోట్ల రెండు వేరు మాటలు వాడబడినవి. మొదటిది బారోస్. ద్రాక్షతోట పనివారు సహించిన దినభారమునకు మత్తయి సువార్తలో ఆ మాటయే వాడబడినది. రెండవది ఫోర్తియోన్. పౌలు ప్రయాణము చేసిన ఓడలోని సరకునకు అపొస్తలుల కార్యములలో ఆ మాటయే కనబడును. ఓడకు సరకు శిక్ష కాదు; దానిని చేరవేయుటకే ఓడ బయలుదేరినది. నా తలంపులో, మొదటిది మనుష్యుని నలుగగొట్టు భారము. రెండవది అతనికి అప్పగింపబడిన బరువు. మొదటిదానిని పంచుకొనక పోవుట కాఠిన్యము. రెండవదానిని అతని చేతిలోనుండి లాగికొనుట ప్రేమవలె కనబడు దొంగతనము. మనకు కష్టమైన దేమనగా, ఎదుటివాని భుజముమీద నున్నది ఏదో గుర్తించుట.

ఇచ్చట నా స్వంత అనుభవము చెప్పుటకు అనుమతింపుడు. నా తల్లిగారికి డెబ్బది రెండవ యేట పక్షవాయువు సోకి, కుడి కాలు, కుడి చేయి స్వాధీనము తప్పెను. కొన్ని వారములకు ప్రాణభయము తీరినది. వారమునకు రెండుమారులు ఒక యువతి వచ్చి ఆమెచేత వ్యాయామములు చేయించుచుండెను. మిగిలిన దినములలో ఆమెను వరండాలో నడిపించు పని నాది. ఆమె చంక క్రింద నా చేయి వేసి, ఆమె బరువంతయు నా భుజముమీద నానించుకొని, ఈ చివరనుండి ఆ చివరకు తీసికొనిపోయెడివాడను. చూడవచ్చిన బంధువులు, కొడుకన్న ఇట్లుండవలెనని మెచ్చుకొనిరి. మూడు నెలలు గడిచెను. కాలిలో బలము రాలేదు.

ఒకనాడు ఆ యువతి కొంతసేపు చూచి, "సార్, మీరు అమ్మగారిని నడిపించడం లేదండీ, మోస్తున్నారు. ఆ కాలికి పని ఎప్పుడు దొరుకుతుంది?" అనెను. నాకు కోపము వచ్చెను. ఆ రాత్రి నిద్రపట్టక నన్ను నేను పరీక్షించుకొంటిని. నేను చేయి వదలనిది ఆమె కొరకేనా? ఆమె పడినయెడల నలుగురు నన్నేమందురో యను భయము నాలో నుండెను. అంతకంటె సిగ్గుకరమైనది మరియొకటి యుండెను: ఆమె నామీద ఆనుకొనియున్నంతకాలము నేను మంచి కుమారుడను. ఆమె తానే నడచినయెడల నాకు మిగులునది ఏమి?

మరునాడు నా చేతిని ఆమె దేహమునకు జానెడు దూరమున నుంచితిని. మూడవ దినమున ఆమె పడిపోయెను. మోకాలు కొట్టుకొని నల్లగా కమిలెను. మా అక్క నన్ను తీవ్రముగా మందలించినది. నేను పరుగున పోయి అమ్మను లేపి, అలవాటు చొప్పున మరల చంక క్రింద చేయి వేయబోగా ఆమె, "లేపావు, చాలు. ఇక వదలరా నాయనా, పడితే మళ్లీ లేపుదువుగాని" అనెను. ఆమె చెప్పిన ఆ మాటలో నేను పుస్తకములలో వెదకిన హద్దు ఉన్నది. పడినప్పుడు లేపుట నా పని. నడచుట ఆమె పని.

ఈ మాటను పట్టుకొని మన గృహములను, సంఘములను చూచుకొందము. పరీక్షలో తప్పునేమో యని కుమారుని లెక్కలన్నియు తానే చేసి పెట్టు తండ్రి, ఆ కుమారునికి మార్కులు సంపాదించి యిచ్చి, లెక్క చేయు శక్తిని తీసికొనుచున్నాడు. తమ్ముడు చేసిన ప్రతి అప్పును అడుగకయే తీర్చు అన్న, తమ్ముని అప్పును తీర్చుచున్నాడు గాని తమ్ముని నిలువబెట్టుట లేదు. సంఘములో ఒక్కడే పెద్ద సమస్త కార్యములను మోయుచుండగా, అతడు కన్నుమూసిన దినమున దీపము వెలిగించువాడును లేకపోవును. ఇట్టి మోతగాండ్రు చెడ్డవారు కారు. కాని వారిలో అనేకులకు మోయుట ఒక ఆకలి తీర్చుచున్నది. ఎవడైనను మనమీద ఆనుకొనియుండుట మనకు మత్తుపదార్థమువంటిది.

ఇంతమాత్రమున, ఎవరి బరువు వారిదే గదా యని చేతులు కట్టుకొని నిలుచువాని ప్రక్కన నేను నిలువను. యెరికో దారిలో కొనప్రాణముతో పడియున్నవానిని విడిచి ఆవలి ప్రక్కగా పోయిన యాజకుడును లేవీయుడును గూడ ఏదో యొక నియమమును చెప్పుకొనియే పోయియుందురు. సమరయుడు ఆ మనుష్యుని తన వాహనముమీద ఎక్కించుకొనెను. అక్కడ పరుగు లేదు, బకిలు లేదు, ప్రాణమే పోవుచున్నది. ప్రాణము పోవుచున్నచోట మోయుమా వద్దా యని తర్కించువాడు ప్రేమ నెరుగడు. 2006లో ఆ స్నేహితులకు తమ మిత్రుని ప్రాణమునకు అపాయమని తోచియుండినయెడల, ఎత్తుటయే ధర్మము. అయితే ఎత్తినవాడు ఒకటి గుర్తుంచుకొనవలెను: మోసి రక్షింపవచ్చును గాని, మోసి గెలిపింపరాదు. మోయబడినవాడును, నేను మోయబడితిని అని ఒప్పుకొనవలెను. ఈ ఒప్పుకొనుటలో అవమానము లేదు.

ఇందుకు ఆ పరుగులోనే మరి రెండు సంగతులు సాక్ష్యమిచ్చుచున్నవి. 2015వ సంవత్సరమున గన్‌హిల్డ్ స్వాన్సన్ అను డెబ్బది యేండ్ల స్త్రీ ఆ 100 మైళ్లకు బయలుదేరెను. ఆదివారము ఉదయము ఆమె ఆబర్న్ సమీపించునప్పటికి 30 గంటల గడువు తీరుటకు నిమిషములే మిగిలియుండెను. ఆ యేటి విజేత రాబ్ క్రార్ తన పరుగును దాదాపు 15 గంటల ముందే ముగించియున్నాడు. అతడు కాళ్లకు రబ్బరు చెప్పులు తొడుగుకొని వచ్చి, ఆమె ప్రక్కన పరుగెత్తెను. లోకములో ఆనాడు ఆ దారిని అతనికంటె వేగముగా పరుగెత్తగలిగినవాడు లేడు. అయినను ఆమె కొరకు అతడు ఒక్క అడుగును వేయలేడు. ఆమె చేయి పట్టి లాగినయెడల ఆమె ముప్పది గంటల శ్రమ వ్యర్థమగును. అతడు ఇయ్యగలిగినది తన సన్నిధి మాత్రమే, దానిని ఇచ్చెను. జనులు కేకలు వేయుచుండగా ఆమె 29 గంటల 59 నిమిషముల 54 సెకనులకు గీత దాటెను. గడువునకు ఆరు సెకనులు మిగిలెను. ఆ పరుగును ముగించిన స్త్రీలలో డెబ్బది యేండ్లు నిండిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ ఆరు సెకనులు ఆమెవి. ఎవరును వాటిని ఆమెకు దానముగా ఇయ్యలేదు గనుకనే అవి ఆమెవి.

రెండవది, బ్రయన్ మారిసన్ సంగతి. స్నేహితుల చేతులలో గీత దాటిన పది సంవత్సరములకు, 2016లో, అతడు మరల ఆ దారిలో పరుగెత్తి, గడువులోపల ఆ క్రీడాస్థలమునకు చేరి, ఈసారి తన కాళ్లమీద గీత దాటెను. అప్పుడతడు విజేత కాడు. అనేకులు అతనికి ముందుగానే వచ్చి వెళ్లిరి. కాని 2006లో అతనికి చిక్కనిది 2016లో చిక్కెను. ఆనాడు నిర్వాహకులు జాలిపడి అతనికి బకిలు ఇచ్చియుండినయెడల, ఈ దినమును అతని యొద్దనుండి తీసికొనియుందురు.

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువుగలవానిని నేను ఇప్పుడు ముందుకంటె వేరుగా చదువుచున్నాను. నలుగురు అతనిని మోసికొని వచ్చిరి. గుమ్మము నొద్ద దారి లేకపోగా ఇంటి కప్పు విప్పి దింపిరి. అతడు ఒక్క అడుగును వేయలేనివాడు. వారు మోయక తీరదు. మోసిరి. కాని ఆ కథ అక్కడ ముగియలేదు. అతడు తిరిగి పోవునప్పుడు ఆ నలుగురు అతనిని మోయలేదు. ఇంతకాలము తన్ను మోసిన పరుపును తానే ఎత్తుకొని, అందరి యెదుట నడచి వెళ్లెను. పైకప్పునుండి క్రిందికి చూచుచున్న ఆ నలుగురి చేతులు అప్పుడు ఖాళీగా నుండెను. ఆ ఖాళీ చేతులను చూచి వారు సంతోషించియుందురని నేను నమ్ముచున్నాను.

నా తల్లిగారు ఎనిమిది నెలలకు చేతికఱ్ఱతో ఆదివారపు ఆరాధనకు నడచి వచ్చిరి. నేను రెండడుగుల వెనుక, చేతులు వ్రేలాడవేసికొని, ఏమి చేయుటకును లేనివాడనై నడచితిని. ఆ నడక నాకు కష్టముగా నుండెను. ఆరు సంవత్సరములు ఆమె అట్లు నడచిరి. కడపటి నెలలో ఆమె లేవలేకపోయినప్పుడు, మంచమునుండి కుర్చీకి, కుర్చీనుండి మంచమునకు నేను ఆమెను ఎత్తి మోసితిని. అప్పుడు ఆమె వదలుమని చెప్పలేదు. నా మెడ చుట్టు ఎడమ చేయి వేసి కన్నులు మూసికొనెడివారు. వదలిన దినమును గూర్చి గాని, మోసిన దినమును గూర్చి గాని నాకు నేడు పశ్చాత్తాపము లేదు. వదలవలసిన దినమున ఇంకను మోయుచు గడిపిన ఆ మూడు నెలలను గూర్చి మాత్రమున్నది.